జతపరచినవి

రాజోల్లో ఎమ్మార్వో ఆఫీసుకెదురుగా
ఇరవై రెండేళ్ళుగా నాది జిరాక్సు కొట్టు.
కాగితం ఉన్నవాళ్ళే నాకు తెలిసిన జనం.
తడిసిన పాసుబుక్కులు, చెదలు కొరికిన దస్తావేజులు,
రవికలో దాచి తెచ్చిన చెమట వాసన రేషను కార్డులు
అన్నీ నా గాజు మీద బోర్లా పడుకునేవి.
ఒకటికి రెండు రూపాయలు.

మొదట వచ్చింది సల్వా.
"ఏం తియ్యాలమ్మా?"
"ఏమీ లేవండి" అంది,
ఆ మాట చెప్పడానికే వచ్చినట్టు నిలబడి.
కఫీలు ఇంట్లోంచి పారిపోయిన మూడో ఏట
వాళ్ళమ్మ గుబ్బల కరుణమ్మ
కువైట్లో ఎవరిదో వంటగది నేల మీద కన్నదట.
ఏడేళ్ళప్పుడు అవుట్‌పాసు మీద వచ్చారు.
ఉన్న ఆ ఒక్క కాగితమూ విమానం దిగగానే తీసేసుకున్నారు.
ఇప్పుడు పదో తరగతి హాల్ టికెట్టు రాలేదు.
"ఇక్కడిదానివని రుజువేంటి?" అన్నాడట గుమస్తా.
"ఆయ్, ఇక్కడిదాన్నేనండి."
ఆ ఆయ్ కంటే రుజువేం కావాలో
నాకు ఇప్పటికీ తెలీదు.

మరుసటేడు నలుగురయ్యారు.
మస్కట్లో పుట్టిన మెహరున్నీసా,
సఖినేటిపల్లి కవలలు యోబు, యోనా.
పంటు మీదైతే హాయండి అనేవాడు యోనా,
అక్కడ డబ్బులడుగుతారు, పేరడగరు.

ఆదివారాలు నా కొట్టు షట్టరు సగం దించి
పేర్లు చెప్పుకోవడం నేర్చుకునేవాళ్ళు.
నిలబడి, గట్టిగా, ఊరూ తల్లిపేరూ కలిపి.
తండ్రి పేరు గడి దగ్గర సల్వా పెన్ను ఆగేది.
నాకు లోపల నవ్వొచ్చేది.
నా పేరు నేనెప్పుడూ గట్టిగా చెప్పుకోలేదు మరి,
పోస్టుమేనే అరిచేవాడు.

అర్జీ కింద 'జతపరచినవి' అని రాసి గీత గీశాను.
గీత కింద ఏం రాయాలి?
యోనా మూత ఎత్తి
గాజు మీద చెయ్యి పెట్టాడు.
"తియ్యండి."
నల్లటి చీకట్లోంచి బూడిదరంగు అరచెయ్యి వచ్చింది,
రొయ్యల ఫ్యాక్టరీ ఐసు కొరికిన వేళ్ళతో సహా.
ఆ వారం నలభై ఒక్క చేతులు తీశాను.
డబ్బులు తీసుకోలేదని చెప్పుకోవాలనుంది.
తీసుకున్నాను. సగం.

చేతుల్ని పట్టుకుని అమలాపురం నడిచారు.
బోడసకుర్రు వంతెన మీద ఎండ,
కింద వైనతేయ, ఎగువ వరదకి ఎర్రగా.
కలెక్టరాఫీసు గేటు దగ్గర ఒకాయన
"క్షమాభిక్ష కింద పరిశీలిస్తాం" అన్నాడట.
"పుట్టడానికి క్షమ ఏంటండి?" అంది సల్వా.
"వరద పెట్టిన మేటకి కూడా ఏకసాలు పట్టా ఇస్తారు కదండి,
నిన్నటిదాకా నీళ్ళకింద ఉన్నదానికి.
మాకూ ఒక్క ఏడాదికి రాసివ్వండి,
మళ్ళీ వచ్చి అడుగుతాం."

రాసిచ్చింది పోలీసులు.
సాయంత్రం వేను ఎక్కించి, స్టేషన్లో వరసగా కూచోబెట్టి,
పేరు, వయసు, తల్లి పేరు,
నివాసం: రాజోలు మండలం.
వారం తిరక్కుండా మెహరున్నీసా నా కొట్టుకి పరిగెత్తుకొచ్చింది.
చేతిలో ఎఫ్ఐఆర్ నకలు.
"ఇది తియ్యండి. పది కాపీలు. కాదు, ఇరవై.
ఇక్కడే ఉంటామని గవర్నమెంటే రాసింది!"
ఆ కాగితం గాజు మీద బోర్లా పెడుతుంటే
నా చెయ్యి వణికింది.

తొమ్మిదేళ్ళు గడిచాయి.
సల్వా ఓపెన్ స్కూల్లో పరీక్ష రాసి
ఇప్పుడు పాలకొల్లు ఆస్పత్రిలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర కూచుంటుంది.
మెహరున్నీసా కేసు ఇంకా నడుస్తోంది,
వాయిదాకి వెళ్ళడం మానదు.
యోబుకి కార్డు వచ్చింది.
యోనాకి రాలేదు.
ఒకే కడుపు, పావుగంట తేడా.
ఎందుకని అడిగితే కంప్యూటరు తీసుకోవట్లేదంటారు.

మొన్న సోమవారం వర్షంలో
యోనా ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు.
దోహాలో పుట్టారట, తెలుగు ఇంకా కూడబలుక్కుంటున్నారు.
నేనేమీ అడగలేదు.
మూత ఎత్తి గాజు తుడిచాను.
చిన్నది మునివేళ్ళ మీద లేచి చెయ్యి పెట్టింది.
గాజులో ఇంకా బోలెడు ఖాళీ.